మా విచారణ మాట మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్య దాకా

2022 ఫిబ్రవరిలో ఒక ఆదివారం రెండో పూజ అయ్యాక మా ఫాదర్ గారు నా చేతిలో 200 పేజీల నోటుబుక్కు పెట్టారు. "బ్యాంకులో పనిచేశారు కదమ్మా, మీకు రాయడం అలవాటే. మనవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి" అన్నారు. సికింద్రాబాద్‌లో మాది పాత విచారణ, అంటే ఒక గుడి కిందికి వచ్చే క్యాథలిక్కుల సంఘం. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ పూజ ఉంటుంది. పోప్ ఫ్రాన్సిస్ గారు 2021 అక్టోబరులో సినడ్ (బిషప్పుల ప్రపంచ సమావేశం) ప్రక్రియ ప్రారంభిస్తూ, బిషప్పులు కూర్చునే ముందు జనం మాట వినాలన్నారు. అలా ఆ పని మా గుడి దాకా వచ్చింది.

ఐదు ఆదివారాలు కూర్చున్నాం. మొదటి వారమంతా మైకులు, పార్కింగ్ మాటలే. మూడో వారం, ఇళ్లలో పనిచేసుకునే ఒక పెద్దావిడ లేచింది. "కోవిడ్‌లో మా ఆయన పోయాడు. సమాధి చేసిన రోజు తర్వాత గుడి నుంచి ఎవరూ మా గడప తొక్కలేదు" అంది. ఇంకెవరూ మాట్లాడలేదు. ఫాదర్ గారు తల వంచుకున్నారు. నేను ఆ మాట రాసి కింద గీత గీశాను.

రాసినవి 60 పేజీలు దాటాయి. వాటిని రెండు పేజీలకు కుదించాలి. ఎందుకంటే విచారణలన్నిటివీ కలిపి మేత్రాసనం (ఒక బిషప్ గారి పరిధి) పంపే నివేదిక పది పేజీలు మించకూడదని రోమ్ నుంచి వచ్చిన మార్గదర్శిని చెప్పింది. మా కాగితం సర్దార్ పటేల్ రోడ్డులోని అగ్రపీఠానికి, అంటే ఆర్చ్‌బిషప్ గారి కార్యాలయానికి వెళ్లాలి, అక్కణ్నుంచి బిషప్పుల జాతీయ సమాఖ్యకు, ఆపైన రోమ్‌కు.

ఏ సమాఖ్యకు అన్న దగ్గర నేను తికమకపడ్డాను. సీబీసీఐ, సీసీబీఐ రెండూ మన దేశ క్యాథలిక్ బిషప్పుల సమాఖ్యలే, ఒకటే అనుకున్నాను ఇన్నాళ్లూ. 1944లో మద్రాసులో మొదలైన సీబీసీఐలో క్యాథలిక్కుల్లోని లాటిన్, సిరో మలబార్, సిరో మలంకర మూడు సభల (శాఖల) బిషప్పులూ ఉంటారు. సీసీబీఐ లాటిన్ వారిది మాత్రమే. మాది లాటిన్ సభ కాబట్టి మా కాగితం సీసీబీఐ దారిలో వెళ్లింది. మా పక్కింటి మలయాళీ కుటుంబం 2017లో ఏర్పడిన శంషాబాద్ సిరో మలబార్ మేత్రాసనానికి చెందింది. ఒకే గోడకు ఇటు ఒక బిషప్, అటు ఒక బిషప్!

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. సమాఖ్య అధ్యక్షులు మన బిషప్ గారికి పై అధికారి అనుకునేదాన్ని. కాదు. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం సమాఖ్య అందరూ కట్టుబడాల్సిన నిర్ణయం చేయగలిగేది కొన్ని విషయాల్లోనే. దానికీ ఓటు హక్కున్న సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, తర్వాత రోమ్ ఆమోదించాలి. మిగతా చోట్ల తన మేత్రాసనంలో ఎవరి అధికారం వారిదే. సమావేశంలో ఏం చర్చించాలో సమాఖ్య శాశ్వత మండలి సిద్ధం చేస్తుంది. జరిగినదంతా రాసి అందరికీ పంపేది ప్రధాన కార్యదర్శి. నా నోటుబుక్కు పనే, కాకపోతే దేశమంత పెద్దది. అది చదివాక ఆ పని మీద నాకు గౌరవం పెరిగింది.

టైపింగ్ దగ్గర బాగా టెన్షన్ పడ్డాను. పాత ఫాంట్‌లో కొట్టిన ఫైలు మరో కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్క అక్షరం చదవడానికి రాలేదు. రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని యూనికోడ్‌లో మళ్లీ కొట్టాను. ఇంగ్లీషులోకి మార్చింది మా యువత సంఘం అమ్మాయి. "గడప తొక్కలేదు" అన్నది ఇంగ్లీషులో ఉత్త "ఎవరూ రాలేదు" అయిపోయింది. నాకు మనసొప్పలేదు. ఇద్దరం అరగంట వెతికి, చివరికి ఆవిడ మాటనే తెలుగులో ఉంచి, కింద అర్థం రాశాం. పేజీలో మూడు లైన్లు పోయాయి, పార్కింగ్ సంగతి తీసేశాను.

జాతీయ సమాఖ్యలు రోమ్‌కు పంపాల్సిన గడువు 2022 ఆగస్టు 15. 2023 అక్టోబరులో రోమ్‌లో సినడ్ మొదటి సమావేశం జరిగింది. అందులో స్త్రీలు మొదటిసారి ఓటు వేశారు. ఆ ఫొటోలు చూసి ఏడ్చాను.

ఆ పెద్దావిడకు మా రెండు పేజీలూ చదివి వినిపించాను. తన మాట వచ్చేసరికి "ఇంకోసారి చదవమ్మా" అంది. తర్వాత, "ఇది అంత దూరం పోతే పోయింది గానీ, మన వీధిలో వాళ్ల సంగతేంటి?" అని అడిగింది. ఫాదర్ గారితో చెప్పాను. కోవిడ్‌లో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ల జాబితా ఆ వారమే తయారైంది, 31 ఇళ్లు. మొదటి శనివారం మేం నలుగురం, ఫాదర్ గారు ఆవిడ ఇంటికే వెళ్లాం.