23 మొద్దులు, నాలుగు రోజులు: నా అనుభవం

చేలో పెరిగిన చెట్ల మొద్దులు ట్రాక్టర్‌తో పీకడం మొదలుపెడితే, నిన్న పొద్దుగూకే వేళకి చివరిది బయటికి వచ్చింది. అరచేతులు ఇంకా మండుతున్నాయి, నడుము వంగడం లేదు. అయినా ఇప్పుడే రాసెయ్యాలి. పది రోజులు పోతే పడ్డ పాట్లు మర్చిపోయి, "ఏముంది, గొలుసు కట్టి లాగేశాం" అని నేనే నలుగురికీ చెప్తాను. అలా చెప్పినవాళ్ల మాట నమ్మే మొదటి రోజు ట్రాక్టర్ కింద పడబోయాను.

చేను చివర కొంత ముక్క ఐదారేళ్లుగా దున్నకుండా వదిలేశాం. గాలికీ పిట్టలకీ పశువులకీ పడిన గింజలు మొలిచి చెట్లయ్యాయి. ఎక్కువ సర్కారు తుమ్మ, కొన్ని వేప, రెండు సుబాబుల్. లెక్కపెడితే 23. మణికట్టు లావువి పన్నెండు, పిక్క లావువి పది, తొడ లావుది ఒక్కటి. ఆ ఒక్కటే రెండు రోజులు తినేసింది. మా బాబాయిది 45 హార్స్‌పవర్ ట్రాక్టర్, పాతది, వెనక చక్రాలకే లాగుడు, సీటు వెనక రక్షణ కమ్మీ లేదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

మణికట్టు లావువి ఒక పూటలో అయిపోయాయి. ముందురోజు సాయంత్రం నీళ్లు పెట్టి వదిలాను, తెల్లారేసరికి నేల మెత్తబడింది, పైన మాత్రం ట్రాక్టర్ చక్రం జారేంత బురద లేదు. మొక్క మొదట్లో గొలుసు రెండు చుట్లు వేసి, రెండో కొసని పనిముట్లని ఎత్తి దించే వెనక లింక్ చేతుల మధ్య ఉండే అడ్డ కమ్మీకి తగిలించి, ట్రాక్టర్ని కదపకుండా హ్యాండ్ బ్రేక్ వేసి, హైడ్రాలిక్ లివర్ మెల్లగా పైకి లాగాను. వేరుశనగ మొక్క పీకినట్టు వేరుతో సహా లేచి వచ్చాయి. ముందు చక్రాలు తేలికవుతున్నట్టు అనిపించిందంటే ఆ మొక్క లిఫ్టుకి లొంగేది కాదని అర్థం, వెంటనే దించెయ్యాలి. లిఫ్టుకి కట్టి ఉండగా ట్రాక్టర్ని ముందుకి నడపకూడదు. నిలబెట్టి ఎత్తడం వేరు, నడిపి లాగడం వేరు. ఆ తేడా నాకు ఆ రోజు మధ్యాహ్నం తెలిసింది.

తుమ్మ కొమ్మలు ముందే ఏరి ఒక పక్క కుప్ప వెయ్యండి, నేను వెయ్యక ముందు టైరు పంక్చర్ అయి రెండు గంటలు పోయాయి.

ఇక ఆ తొడ లావు చెట్టు. అక్కడ నేను చేసిన మొదటి తప్పు రంపంతో. చెట్టుని నేలకి బెత్తెడు ఎత్తులో నున్నగా కోసేశాను. చూడ్డానికి బాగుందని, సగం పని అయిపోయిందని అనుకున్నాను. నిజానికి ఉన్న ఒక్క ఆసరానీ నేనే కోసి పారేశాను. మూడు, నాలుగు అడుగుల కాండం ఉంచి దాని పైభాగంలో గొలుసు కడితే అదే గునపంలా పనిచేస్తుంది. పైన లాగుతుంటే కింద వేళ్లు ఒక్కొక్కటే తెగి మొద్దు వాలుతుంది. బెత్తెడు మొద్దుకి గొలుసు కడితే ఆ పట్టు ఉండదు. పైగా గొలుసు బెరడుని ఒలుచుకుంటూ జారిపోతుంది. మూడుసార్లు జారింది. బెరడు ఊడిన చోట చెక్క తడిగా, సబ్బు రాసినట్టు నున్నగా అయింది, ఇక ఏం కట్టినా ఆగలేదు.

గట్టు మీద ఏడెనిమిది మంది చేరారు. అందులో ఒకాయన, పేరు రాయను, ఎన్నో మొద్దులు పీకించానని చెప్పుకునే మనిషి, "కింద హుక్కుకి కడితే ఏం లేస్తుందయ్యా? పైన టాప్ లింక్ దగ్గర కట్టు, లాగుడు పైకి వస్తుంది, మొద్దు లేస్తుంది" అన్నాడు. వినడానికి సబబుగానే ఉంది. గొలుసు పై నుంచి వస్తే మొద్దుని పైకే లాగుతుంది కదా అనుకున్నాను. మొద్దు కింద పక్కవేరు ఒకటి బయటపడి ఉంటే దాని చుట్టూ గొలుసు తిప్పి, టాప్ లింక్, అంటే పనిముట్టుని పై నుంచి పట్టుకునే కడ్డీ, తగిలించే చోట కట్టాను.

లో ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదిలాను. గొలుసు బిగిసింది. వెనక చక్రాలు ఒక్క చుట్టు జారి, మట్టిలో దిగి, ఆగిపోయాయి. ఇంజన్ మూలిగింది. ఇంకొంచెం రేజ్ చేస్తే వచ్చేస్తుందనిపించింది, చేశాను. స్టీరింగ్ చేతుల్లో దూదిలా తేలికైపోయింది. బానెట్ నా కళ్లకి అడ్డం వచ్చింది. ఎదురుగా కనబడుతున్న గట్టు మాయమై ఆకాశం కనబడింది. ఎవరో అరిచారు. నా ఎడమ కాలు ఎలా పనిచేసిందో తెలియదు, క్లచ్ నేలకి తొక్కేశాను. ముందు చక్రాలు ధడేల్‌మని కిందపడ్డాయి, స్టీరింగ్ ఎగిరి బొటనవేలికి తగిలింది. ఆ వేలు ఇప్పటికీ వాచి ఉంది.

ఎంతసేపు పట్టిందంటారా? ట్రాక్టర్ ముందు భాగం లేచి పూర్తిగా వెనక్కి తిరగబడటానికి సుమారు ఒకటిన్నర సెకను చాలు. అందులో సగం దాటాక క్లచ్ తొక్కినా బండి ఆగదు, తన బరువుతోనే తిరగబడిపోతుంది. ముప్పావు సెకనులో మనిషి ఆలోచించి తేల్చుకునేది ఏమీ ఉండదు. నాది తెలివి కాదు, అదృష్టం. రక్షణ కమ్మీ లేని బండి కాబట్టి తిరగబడితే సీటుకీ నేలకీ మధ్య నేనే ఉండేవాణ్ణి.

బాబాయి చేతిలో పార పడేసి వచ్చాడు. ఏమీ అనకుండా ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎవడు చెప్పాడ్రా అక్కడ కట్టమని?"

గట్టు వైపు చూపించాను.

"చెప్పినవాడు బండెక్కాడా? ఎక్కింది నువ్వు. దిగు."

ఇద్దరు పిల్లల తండ్రిని. అంతమంది ముందు చిన్నపిల్లాణ్ణి దింపినట్టు దింపాడు. ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషి అప్పటికే అక్కడ లేడు. ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేకపోయాను, అన్నం సహించలేదు. తిట్టాడని కాదు. ఇన్నేళ్లుగా ఆ బండి నడుపుతూ, అది ఎందుకు లేచిందో చెప్పలేకపోయానని.

రాత్రి బాబాయే పిలిచి అర్థమయ్యేలా చెప్పాడు. ఇంజన్ బలం వెనక ఇరుసుని తిప్పుతుంది. చక్రాలు కదలగలిగితే బండి ముందుకి పోతుంది. గొలుసు అవతల మొద్దు పట్టుకుని, చక్రాలు మట్టిలో దిగి తిరగలేకపోతే, ఆ బలం ఊరుకోదు. చక్రం తిరగకపోతే బండి ఒళ్లే ఇరుసు చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది, అంటే ముక్కు పైకి లేస్తుంది. గొలుసు ఇరుసు కన్నా పైన కట్టి ఉంటే అది కూడా బండిని వెనక్కే గుంజుతుంది. కింద డ్రాబార్‌కి, అంటే బండి వెనక ఇరుసు కన్నా కింద ఉండే లాగుడు కమ్మీకి, కడితే కథ వేరు. ముక్కు లేవగానే డ్రాబార్ నేల వైపు దిగుతుంది, గుంజే పట్టు తగ్గుతుంది, బండి మళ్లీ కుదుట పడటానికి అవకాశం ఉంటుంది. అందుకే నడిపి లాగేటప్పుడు డ్రాబార్ తప్ప ఇంకెక్కడా కట్టకూడదు. టాప్ లింక్‌కి కాదు, లిఫ్ట్ చేతులకి కాదు, ఇరుసుకి కూడా కాదు.

ఒక్క మాట చెప్పాలి. గట్టు మీద నిలబడి సలహాలు ఇచ్చేవాళ్లు తాము చెప్పినదానికి పూచీ పడరు. తెలియకపోతే తెలియదు అనాలి. "లాగు లాగు, ఇంకొంచెం" అని అరిచేవాణ్ణి ముందు అక్కణ్ణుంచి పంపించండి, తర్వాతే గొలుసు ముట్టుకోండి. మొద్దులో ఉప్పు పొయ్యమని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. రేపు పంట పెట్టాల్సిన నేలలో ఉప్పు పోసుకుంటామా? మొద్దు చచ్చేలోపు మట్టి చస్తుంది.

రెండో రోజు ట్రాక్టర్ ముట్టుకోలేదు. పార, గునపం, గొడ్డలి. మొద్దు చుట్టూ మూరెడు దూరంలో గాడి తవ్వాను. చెట్టు వేళ్లంటే ఎక్కడో పాతాళంలో ఉంటాయని అనుకుంటాం కానీ, పక్కవేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. మోకాలి లోతు దాటకుండానే ఏడు వేళ్లు దొరికాయి. ఒక్కొక్కదాన్నీ రెండు చోట్ల నరికి మధ్య ముక్క తీసేశాను. ఒక్కచోట నరికితే తెగిన కొసలు మట్టిలో ఒకదాన్నొకటి నొక్కుకుని అలాగే పట్టుకుని ఉంటాయి. గొడ్డలి మట్టిని తాకకుండా చూసుకోవాలి, వేరుకి అంటిన మట్టిని చేత్తో తుడిచాకే దెబ్బ వెయ్యాలి. లేదంటే పది దెబ్బలకే పదును పోతుంది.

మూడో రోజు మళ్లీ బండి ఎక్కాను. తాళం బాబాయే చేతికిచ్చాడు. బెత్తెడు మొద్దుకి పొడుగు కాండం ఎలాగూ లేదు, దానికి ఆయన చెప్పిన ఉపాయం పాత రిమ్. ట్రాక్టర్ ముందు చక్రం రిమ్, టైరు లేనిది, మొద్దుకి ఆనించి ట్రాక్టర్ వైపు నిలువుగా నిలబెట్టాం. మొద్దు మొదట్లో కట్టిన గొలుసుని రిమ్ గాడిలోంచి పైగా పోనిచ్చి డ్రాబార్‌కి తగిలించాం. గొలుసు బిగిస్తే రిమ్ ముందుకి దొర్లుతుంది, దొర్లుతూ మొద్దుని పైకి ఎత్తుతుంది. టాప్ లింక్‌కి కట్టి నేను ఆశపడిన పైకి లాగుడు ఇదే. ఇది మాత్రం బండిని తిరగెయ్యకుండా ఇస్తుంది. రిమ్‌ని చేత్తో పట్టుకోవద్దు, రెండు వైపులా మట్టిగడ్డలు ఆనించి దూరం జరగండి.

గొలుసు వదులు పోయేదాకా నడిపి ఆగాను. మళ్లీ క్లచ్ కొంచెం కొంచెంగా వదిలాను. చక్రం జారితే వెంటనే ఆపడం, ఒక పక్కకి తిరిగి ఇంకో వైపు నుంచి లాగడం. వదులు ఉంచి ఒక్కసారిగా దూకించి లాగితే తెగేది వేరు కాదు, గొలుసు. మూడోసారికి నేల కింద నుంచి బట్ట చింపినట్టు శబ్దం మొదలైంది. ముందు సన్నగా, తర్వాత చిటపటమని. గాడిలో మట్టి పగుళ్లిచ్చింది. మొద్దు ఒక పక్క లేచి, క్షణం ఆగి, ఒరిగిపోయింది. తల్లివేరు నా చెయ్యంత లావుంది, తెగిన చోట లోపల పసుపుపచ్చగా, చుట్టూ తెల్లగా, తడి వాసన వేస్తూ ఉంది. దాన్ని చేత్తో తడిమి చూశాను. మూడు రోజులుగా నన్ను నలుగురిలో తలదించుకునేలా చేసింది అదే.

మిగిలిన పది పిక్క లావువి నాలుగో రోజు ఒక్కణ్ణే లాగాను. గర్వంగానే చెప్తున్నాను, ఒక్క గొలుసూ జారలేదు, ముందు చక్రం ఒక్క అంగుళం లేవలేదు. వాటిని ఈసారి నాలుగడుగుల దగ్గర కోశాను. కోసేటప్పుడే ఇంత కాండం వదలండి, మిగతా పని సగం అవుతుంది.

నైలాన్ తాడు వాడకండి. అది సాగుతుంది, సాగిన బలమంతా తనలో దాచుకుంటుంది, తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, కొసన హుక్కు ఉంటే బుల్లెట్టే. గొలుసు అంత సాగదు కానీ తెగితే అది కూడా మనిషిని చంపగలదు. అందుకే గొలుసు మధ్యలో తడి గోనెసంచులు వేశాను, మనుషులని గొలుసు పొడుగుకి ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబెట్టాను. చెట్టుని నరక్కుండా నిలువుగా లాగాలనుకుంటే గొలుసు చెట్టు ఎత్తుకి రెట్టింపు ఉండాలి, లేకపోతే అది బండి మీదే పడుతుంది. మీ బండికి రక్షణ కమ్మీ ఉంటే సీటు బెల్టు పెట్టుకోండి. కమ్మీ లేకపోతే పెట్టుకోవద్దు, తిరగబడినప్పుడు బెల్టు మిమ్మల్ని దాని కిందే కట్టి ఉంచుతుంది.

గుంతలు వెంటనే పూడ్చాం, నేల మట్టానికి జానెడు ఎక్కువే పోశాం, వానకి ఎలాగూ కుంగుతుంది. ఇనప పళ్లతో దున్నే కల్టివేటర్ పెట్టబోతే బాబాయి ఆపాడు. తెగి మిగిలిన వేళ్లు పళ్లకి తగులుకుంటే పళ్లు వంగుతాయి, ముందు గునపంతో కెలికి ఏరమన్నాడు. ఒక ట్రాలీ వేళ్లు వచ్చాయి.

సర్కారు తుమ్మ అంత తేలిగ్గా పోదు. నేల కింద మొదలు మిగిలితే అక్కణ్ణుంచి మళ్లీ చిగురిస్తుంది, నేలలో పడి ఉన్న గింజలు ఏళ్ల తర్వాత కూడా మొలుస్తాయి. అందుకే తల్లివేరు నేల మట్టానికి కనీసం అడుగు కింద తెగిందో లేదో ప్రతి గుంతలోనూ చెయ్యి పెట్టి చూశాను. రెండు చోట్ల పైనే తెగింది, మళ్లీ తవ్వి గొడ్డలితో నరికాను. ఆ రెండు గుంతల పక్కన కర్రలు పాతాను. వాన పడ్డాక వెళ్లి ముందు అక్కడే చూడాలి.