ఫుట్‌వాల్వ్ రబ్బరు బిళ్ల: గంధకం తగ్గించాక

మిర్యాలగూడ చుట్టుపక్కల సాగర్ ఎడమ కాల్వ మీద మోటార్లు పెట్టుకున్నవాళ్లకు ఈ తంటా కొత్త కాదు. నీళ్లు లాగే పైపు అడుగున, నీళ్లు వెనక్కి జారకుండా ఉండే ఫుట్‌వాల్వ్‌లో రబ్బరు బిళ్ల కొన్నాళ్లకు అణిగిపోతుంది, రాత్రికి నీళ్లు జారిపోతాయి, పొద్దున్నే మళ్లీ పైపులో బకెట్లతో నీళ్లు పోయాలి. అణగని బిళ్ల చేయొచ్చా అని మొదలైన సరదా ఇది. దోస్తు వర్క్‌షాప్‌లో రబ్బరులో దినుసులు కలిపే చిన్న టూ రోల్ మిల్లు, హ్యాండ్ ప్రెస్ ఉన్నాయి కాబట్టి ఆదివారాలన్నీ అక్కడే.

రబ్బరు 100 పాళ్లు అనుకుని మిగతావి లెక్కేస్తాం. సహజ రబ్బరు 100, జింక్ ఆక్సైడ్ 5, స్టియరిక్ ఆసిడ్ 2, హెచ్ఏఎఫ్ రకం కార్బన్ బ్లాక్ (రబ్బరుకు బలమిచ్చే నల్ల పొడి) 45, ప్రాసెస్ ఆయిల్ 5, యాంటీ ఆక్సిడెంట్ 1.5. హార్డ్‌నెస్ 60 షోర్ ఏ (రబ్బరు గట్టిదనం కొలిచే స్కేలు) దగ్గర వస్తోంది, బిళ్లకు అది చాలు. కార్బన్ బ్లాక్ తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి. ఆ బట్టలతో ఇంట్లోకి రానివ్వరు, అది వేరే సంగతి.

అసలు తేడా గంధకం దగ్గరే. రబ్బరును ఉడికించి గట్టిపరిచేది గంధకం, ఆ పని వేగం చేసే మందు సీబీఎస్ యాక్సిలరేటర్. గంధకం 2.5, సీబీఎస్ 0.6 వేస్తే బిళ్ల బంతిలా ఎగురుతుంది, కానీ అణుగుతుంది. 12.5 మి.మీ. మందం ముక్కను రెండు ఇనుప పలకల మధ్య 9.4కి బిగించి, 70 డిగ్రీల ఓవెన్‌లో 22 గంటలు ఉంచాం. తీసి అరగంట ఆగి వెర్నియర్ పెడితే 11.5. నొక్కిన 3.1లో 1.0 తిరిగి రాలేదు, అంటే 32 శాతం. గంధకం 1.5, సీబీఎస్ 1.5 చేశాక అదే పరీక్షలో 11.9 వచ్చింది, 19 శాతం.

గంధకం ఎక్కువైతే రబ్బరు గొలుసుల మధ్య పొడుగు వంతెనలు పడతాయి. వేడికీ ఒత్తిడికీ అవి తెగి, నొక్కుకుపోయిన చోటే మళ్లీ అతుక్కుంటాయి. పొట్టి వంతెనలు అంత తేలిగ్గా తెగవు. పదేపదే వంగే ఫ్లాప్‌కైతే పాత పాళ్లే నయం. మన బిళ్ల వంగేది కాదు.

గంధకం మాత్రం చివర్లో, షీటు చల్లారాకే వేయాలి. లేకపోతే మిల్లు మీదే ఉడకడం మొదలవుతుంది. పల్చటి బిళ్లకు ప్రెస్‌లో 150 డిగ్రీలు, 10 నిమిషాలు. తొందరపడి 170కి పెంచితే సహజ రబ్బరు మళ్లీ మెత్తబడుతుంది.

ఇక డీజిల్ ఇంజన్ కప్లింగ్ బుష్ (ఇంజన్‌నూ పంపునూ కలిపే చోట ఉండే రబ్బరు ముక్క) చూడాలి. నూనె తగిలితే సహజ రబ్బరు ఉబ్బిపోతుంది, అక్కడ నూనెకు తట్టుకునే నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు వాడాల్సిందే. అందులో గంధకం సరిగా కలవదు కాబట్టి దాన్ని మొదట్లోనే వేసి, యాక్సిలరేటర్ చివరికి ఉంచాలి.