1972 షెవ్రొలే సీ10: స్పీడోమీటరు పని ఎంతవరకు వచ్చింది

డాలస్ శివారులోని మా గరాజులో ఉన్న 1972 షెవ్రొలే సీ10 పికప్ ట్రక్కు స్పీడోమీటరు రెండు విధాలుగా తప్పు చూపేది. గంటకు 30 మైళ్ల లోపు ముల్లు 15కూ 35కూ మధ్య కొట్టుకునేది. హైవే ఎక్కితే నిలకడగానే ఉండేది గానీ, ఫోనులో జీపీఎస్ 60 చూపుతుండగా ఇది 71 దాటి నిలిచేది. లోపమంతా మీటరులోనే ఉందనుకుని, పోయిన నెల దాన్ని విప్పి తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. దానితో ముల్లు సున్నాకు రావడం కూడా మానేసింది.

లోపల జరిగేది తెలిసి ఉంటే ఆ పని చేసేవాణ్ణి కాను. గేర్‌బాక్సు నుంచి వచ్చే కేబుల్ వల్ల తిరిగే అయస్కాంతానికీ, ముల్లును మోసే పలుచని అల్యూమినియం గిన్నెకూ మధ్య తాకిడి ఉండదు. అయస్కాంతం తిరిగినప్పుడు గిన్నెలో పుట్టే విద్యుత్ ప్రవాహం వల్లే అది కూడా తిరగబోతుంది, సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ సందులో జిడ్డు చేరిందా, ముల్లు ఇక దాని ఇష్టం. ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో స్ప్రింగు జోలికి పోకుండా గిన్నెను తుడవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

తరువాతి శనివారం కేబుల్ లోపలి తీగను బయటకు లాగి, బల్ల మీద అరచేతితో దొర్లించాను. ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న గోడను దాటే చోట అది మెలిపడి, ప్రతి చుట్టుకూ ఒకసారి ఎగిరిపడుతోంది. కొత్త కేబుల్ వేసి, కింది మూడింట రెండు వంతులకే పలుచగా గ్రీజు పూశాను. పైభాగానికి పూస్తే అది మెల్లగా మీటరులోకి ఎక్కుతుంది. మా నాన్నగారి చేతక్ స్కూటరుకు ముందు చక్రం నుంచి ఇలాంటి తీగే వచ్చేది. దాన్ని వంచితే మెకానిక్ ఎందుకు కేకలేసేవాడో నాకు ఇప్పుడు అర్థమైంది.

కొట్టుకోవడం ఆగింది, 71 మాత్రం అలాగే ఉంది. అప్పుడు నడిచిన దూరాన్ని చూపే ఓడోమీటరును నమ్ముకున్నాను. దానికి అయస్కాంతంతో పని లేదు, నేరుగా గేర్లతో తిరుగుతుంది కాబట్టి, ముల్లు ఒక్కటే తప్పితే లోపం మీటరులోనూ, రెండూ ఒకే నిష్పత్తిలో తప్పితే గేర్‌బాక్సు దగ్గరి గేర్లలోనూ ఉన్నట్టు. హైవే మైలురాళ్ల ప్రకారం 50 మైళ్లు నడిపితే ఓడోమీటరు దాదాపు 60 తిరిగింది.

ట్రక్కు కదలకుండా మిగతా చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టి, వెనుక చక్రం ఒకదాన్ని స్టాండు మీదికి లేపి రెండు చుట్లు తిప్పితే గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసుకు వెళ్లే డ్రైవ్‌షాఫ్టు మూడుముప్పావుకు కొద్దిగా తక్కువ తిరిగింది. రెండో చక్రం ఆగి ఉన్నప్పుడు ఈ రెండు చుట్లు ఇరుసు ఒక్క చుట్టుతో సమానం, అంటే ఇరుసు నిష్పత్తి (ఇరుసు ఒక చుట్టుకు షాఫ్టు తిరిగే చుట్లు) 3.73. షాఫ్టు 9 చుట్లకు కేబుల్ 4 చుట్లు తిరిగింది. అంటే గేర్‌బాక్సు లోపలి గేరుకు 8 పళ్లు, కేబుల్‌ను తిప్పే బయటి గేరుకు 18. సుద్దగీత పెట్టి టైరును పది చుట్లు దొర్లిస్తే 73 అడుగుల 4 అంగుళాలు వచ్చింది, అంటే మైలుకు 720 చుట్లు. ఈ మీటరుకు మైలుకు 1001 కేబుల్ చుట్లు కావాలి. 18 పళ్లతో 1190 దాటుతున్నాయి. మునుపటి యజమాని ఎవరో ఇరుసు మార్చి, ఈ గేరును మరచిపోయి ఉండాలి.

లెక్కకు 21.5 పళ్లు కావాలి, అలాంటి గేరు ఉండదు. 22 వేస్తే మీటరు తక్కువ చూపుతుంది, పోలీసు రాడారు ముందు అది మంచిది కాదు. అందుకే 21 వేశాను. పళ్ల సంఖ్య మారడంతో గేరును పట్టి ఉంచే గూడు కూడా మార్చవలసి వచ్చింది. ఇప్పుడు జీపీఎస్ 60కి ముల్లు 61 చూపుతోంది.

40 మైళ్లు నడిపాక చూస్తే కేబుల్ నట్టు దగ్గర ఎర్రని గేర్‌బాక్సు నూనె చెమ్మ కనిపించింది. గూడు బయటి రబ్బరు రింగు కొత్తదే, లోపలి సీలు పాతది. ఆ నూనె తీగ వెంట మీటరు దాకా పాకకముందే వచ్చే శనివారం ఆ సీలును మారుస్తాను.