కణితి తీసేశాక తుంటి మీద కూడా ఓ కన్నేయండి

తొడలోనో పిరుదులోనో రాబ్డోమయోసార్కోమా (కండరపు తరహా క్యాన్సర్) వచ్చిన పిల్లలకు కణితితో పాటు చుట్టూ ఉన్న కండరం కూడా కొంత తీసేయాల్సి రావచ్చు. ఆ తర్వాత అందరి దృష్టీ ఛాతీ సీటీ మీద, ఎంఆర్ఐ మీదే ఉంటుంది. కీలును ముట్టుకోలేదు కదా అని తుంటిని వదిలేస్తారు. ఎదిగే వయసులో తొడ ఎముక బంతి, అది కూర్చునే గిన్నె కండరాల లాగుడును బట్టే రూపు దిద్దుకుంటాయి. అందుకే ఎదుగుదల ఆగేదాకా తుంటిని చూస్తూనే ఉండాలి.

పిరుదు పక్కనుండి కాలిని బయటికి లాగే గ్లూటియస్ మీడియస్ కండరం పోతే, లోపలి తొడ కండరాలకు ఎదురు లాగేది ఉండదు. కాలు లోపలికి వాలుతుంది, తొడ ఎముక మెడ నిటారుగా పెరుగుతుంది, బంతి మెల్లగా పక్కకు జరుగుతుంది. లోపలి కండరాలు తీసేస్తే కథ తిరగబడుతుంది. కాలు బయటికి బిగుసుకుంటుంది, కటి ఆ వైపు కిందికి వాలి కాలు పొడుగైనట్టు కనిపిస్తుంది. కటి ఒరగడంతో రెండో కాలు లోపలికి వాలుతుంది కాబట్టి అప్పుడు ప్రమాదం బాగున్న తుంటికే! ఇది గమనించక రెండో చెప్పు కింద ఎత్తు వేయించేస్తుంటారు. ముందు రెండు కాళ్లనీ ఒకే కోణంలో పెట్టి, కటి ఎముక ముందు కొస నుంచి చీలమండ లోపలి గుబ్బ దాకా టేపుతో కొలవాలి.

ఆరు నెలలకోసారి కటి ఎక్స్‌రే తీయించడం మంచిది. మోకాలి చిప్పలు పైకి చూడాలి, కటి ఒరగకూడదు. తుంటి ముందుకు బిగుసుకుని నడుము పైకి లేస్తుంటే, నడుము బల్లకు ఆనేదాకా మోకాళ్ల కింద దిండు పెట్టాలి. లేకపోతే కొలత తప్పుతుంది. బంతి వెడల్పు 30 మిల్లీమీటర్లై, అందులో 9 గిన్నె దాటి ఉంటే 30 శాతం జరిగినట్టు. సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే సమస్య) ఉన్న పిల్లల్లో 30 దాటితే జాగ్రత్తపడతారు, 40 దాటితే ఆపరేషన్ ఆలోచిస్తారు. ఇక్కడా అవే అంకెలు దారి చూపుతాయి. ఆ ఆపరేషన్‌లో తొడ ఎముక కోసి వంపు సరిచేసేటప్పుడు మరీ ఎక్కువ వంచితే, అసలే బలం లేని పిరుదు ఇంకా కుంటిస్తుంది. రేడియేషన్ తగిలిన ఎముక అతకడమూ ఆలస్యమే.

ఇంట్లో రోజూ రెండు పూటలా అరగంట బోర్లా పడుకోబెడితే తుంటి ముందుకు బిగుసుకోకుండా ఉంటుంది.

తుంటికి 25 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), అంతకు మించి రేడియేషన్ తగిలి ఉంటే ఒక్కటి గుర్తుంచుకోండి: బంతి తన ఎదుగుదల పొర దగ్గర జారిపోవచ్చు, అదీ బక్కపలచని చిన్నపిల్లల్లో కూడా. అలాంటి బిడ్డ మోకాలు నొప్పంటే మోకాలికి మాత్రమే ఎక్స్‌రే తీసి పంపేయకూడదు. నడిపించకుండా ఎత్తుకెళ్లి, అదే రోజు రెండు తుంటులకీ ముందు నుంచీ పక్క నుంచీ ఎక్స్‌రే తీయించండి.