కాన్పు తర్వాత నడుము నొప్పి: ముందు పొట్టను చూసుకోండి

సిజేరియన్ అయిన బాలింత నడుము పట్టుకుని కూర్చుంటే మా కావలి వైపు మొదట వినబడే మాట, "వెన్నులో మత్తు సూది వేశారు కదా, అందుకే" అని. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండవచ్చు గాని, నెలల తరబడి వేధించే నొప్పిని ఆ సూది మీదకు నెట్టడం సరికాదు. ఏ సూదీ లేకుండా మామూలు కాన్పు అయినవాళ్లకూ ఈ నొప్పి వస్తూనే ఉంది.

పొట్ట ముందు వైపు రెండు నిలువు కండరాలు, వాటిని నడిమధ్యన కలిపి ఉంచే లీనియా ఆల్బా అనే పట్టీ ఉంటాయి. గర్భం పెరిగేకొద్దీ ఆ పట్టీ సాగి, కండరాలు చెరో పక్కకు జరుగుతాయి. చాలామందికి కాన్పైన తొలి 8 వారాల్లో అవి చాలావరకు దగ్గరపడతాయి, కొందరికి ఎడం మిగిలిపోతుంది. దీనినే డయాస్టాసిస్ రెక్టై అంటారు. ఎడం ఉన్న ప్రతివారికీ నొప్పి రాదు. అయితే పొట్టలోని లోతు కండరాలు పట్టు తప్పినప్పుడు, బిడ్డను ఎత్తుకున్నా, వంగి పాలిచ్చినా ఆ భారం నడుము మీద పడుతుంది.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, తలను కొద్దిగా పైకెత్తి, బొడ్డుకు పైనా కిందా వేళ్లు అడ్డంగా పెట్టి నొక్కితే కండరాల అంచులు తగులుతాయి. ఆ సందు సుమారు 2 సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ల వెడల్పు, దాటితే ఎడం ఉన్నట్లు లెక్క. నా రెండో కాన్పు తర్వాత మూడు వేళ్లు సులువుగా దిగేవి.

నెల్లూరులో ఫిజియోథెరపిస్టు నాకు మొదట నేర్పినది ఊపిరి తీసుకోవడమే. ముక్కుతో గాలి పీల్చి పక్కటెముకలను విచ్చుకోనిచ్చి, నోటితో మెల్లగా వదులుతూ, మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను పైకి లాగి, పొత్తికడుపును వెన్ను వైపు తీసుకోవాలి. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. ఇది పట్టుబడ్డాక, చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఒక్కొక్క మడమనే జార్చి కాలు చాచి వెనక్కి తెచ్చుకోవడం, ఆ తర్వాత పిరుదులు పైకి లేపడం. చేస్తుండగా పొట్ట నడుమ గోపురంలా ఉబికితే, ఆ వ్యాయామానికి ఇంకా సమయం రాలేదని అర్థం. పొట్ట తగ్గాలని తొందరపడి సిటప్‌లు తీయవద్దనేది ఇందుకే. సిజేరియన్ అయినవాళ్లు కుట్లు మానాక, డాక్టరు సరేనన్న తర్వాతే మొదలుపెట్టాలి. కాళ్లలో తిమ్మిరి, బలహీనత ఉన్నా, మూత్రం మీద అదుపు తప్పినా వ్యాయామం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పెద్దవాళ్లు పొట్టకు కట్టే చీర కట్టును నేను కాదనను, తొలి రోజుల్లో అది నడుముకు ఆసరాగానే ఉంటుంది. కానీ ఊపిరి ఆడనంత బిగిస్తే ఒత్తిడి కిందికి దిగుతుంది. పైగా కట్టు వల్ల కండరానికి బలం రాదు.

మంచం దిగేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చేతి ఆసరాతో లేవాలి. పాలిచ్చేటప్పుడు వీపు గోడకు ఆనించి, ఒడిలో దిండు పెట్టుకుని బిడ్డనే రొమ్ము దగ్గరకు తెచ్చుకోవాలి. ఇక ఇంటి ముందు దించిపోయే 20 లీటర్ల నీళ్ల క్యాను అంటే 20 కిలోలకు పైమాటే. దాన్ని లోపల పెట్టడానికి ఇంట్లో మగవాళ్లు ఉన్నారు.