ఫార్మాటింగ్ నియమాలకు ఒకే ఇల్లు

విజయనగరంలోని మా చిన్న బృందం పలాస జీడిపప్పు వ్యాపారికి బిల్లింగు సాఫ్ట్‌వేరు, శ్రీకాకుళంలోని ఒక కోచింగ్ సెంటరుకు హాజరు యాప్ రాస్తోంది. మనుషులు అటూ ఇటూ మారుతూనే ఉంటారు కనుక, ఎక్కడ తెరిచినా కోడు ఒకే తీరున కనిపించాలన్నది నా పట్టుదల.

కోడు వరుసలనూ ఖాళీలనూ తనంతట తానే సర్దిపెట్టే ప్రెట్టియర్ అనే పనిముట్టు 2017లో వచ్చి ఈ పనిని చాలా తేలిక చేసింది. అయితే దాని సెట్టింగుల ఫైలును ప్రతి ప్రాజెక్టులోకీ కాపీ చేసుకుంటూ పోతే, కొన్నాళ్లకు ఆ కాపీలు ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు తయారవుతాయి: ఒకచోట వరుస వెడల్పు 80 అక్షరాలు, ఇంకోచోట 100. బిల్లింగులోని తేదీల ఫంక్షనును హాజరు యాప్‌లోకి తెచ్చి సేవ్ చేయగానే వరుసల విరుపులన్నీ మారిపోతాయి. ఆ రెండు ఫైళ్లనూ పోల్చి చూసేవారికి అసలు మార్పు ఎక్కడ జరిగిందో వెంటనే దొరకదు.

అందుకే నియమాలను విడిగా ఒక ఎన్‌పీఎమ్ ప్యాకేజీలో (జావాస్క్రిప్ట్ కోడును ప్రాజెక్టుల మధ్య పంచుకునే మూటలో) పెట్టాం. అందులో ఉండేవి తన వివరాలు చెప్పే ప్యాకేజ్ జేసన్ ఫైలు, నియమాల ఆబ్జెక్టును ఎక్స్‌పోర్ట్ చేసే చిన్న ఫైలు, అంతే. ప్రాజెక్టు దాన్ని డెవ్ డిపెండెన్సీగా (కోడు రాసేటప్పుడు మాత్రమే కావలసినదిగా) ఇన్‌స్టాల్ చేసుకుని, తన ప్యాకేజ్ జేసన్‌లో ‘ప్రెట్టియర్’ అనే కీ ఎదుట ఆ ప్యాకేజీ పేరు రాసుకుంటే చాలు. ఇలా పేరు మాత్రమే రాసినప్పుడు ఏ ఒక్క నియమాన్నీ అక్కడికక్కడ మార్చుకునే వీలుండదు. మార్చాలంటే జావాస్క్రిప్ట్ కాన్ఫిగ్ ఫైలు రాసి, ప్యాకేజీని ఇంపోర్ట్ చేసి, అందులోని నియమాలన్నిటినీ స్ప్రెడ్ చేసి (అక్కడ పరిచి), దాని కింద తేడాను చేర్చాలి. ఈ కాస్త శ్రమ ఉండడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే నిజంగా అవసరమైన వారే అంతదూరం వెళతారు.

డిఫాల్టులను నమ్ముకోకుండా, మనకు ముఖ్యమైన ప్రతి నియమాన్నీ ప్యాకేజీలో స్పష్టంగా రాయాలి. 2023లో వచ్చిన 3.0 వెర్షనులో ట్రెయిలింగ్ కామా (జాబితాలో చివరి అంశం తర్వాత పెట్టే కామా) డిఫాల్టు ‘ఈఎస్5’ నుంచి ‘ఆల్’కు మారడంతో, అది రాసుకోని ప్రాజెక్టుల్లో అనేక వరుసలుగా విడిపోయిన ఫంక్షను ఆర్గ్యుమెంట్ల చివర కూడా కామాలు వచ్చి చేరాయి. ప్రెట్టియర్ వెర్షనును కూడా ఖచ్చితమైన అంకెతోనే బిగించాలి. ప్యాకేజీలో నియమం మారితే, అది ఎంత చిన్నదైనా, మేజర్ వెర్షను (వెర్షనులోని మొదటి అంకె) పెంచడం మా పద్ధతి.

ఇక పాత ప్రాజెక్టును ఈ దారికి తెచ్చేటప్పుడు, ఫార్మాటింగ్‌ను మరే మార్పుతోనూ కలపకుండా ఒకే కమిట్‌గా (చరిత్రలో నమోదయ్యే ఒక మార్పుగా) చేసి, దాని హాష్‌ను (గుర్తింపు కోడును) ఒక ఫైలులో రాసిపెట్టాలి. కోడు మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, ఏ వరుసను ఎవరు మార్చారో చెప్పే బ్లేమ్ ఆదేశానికి 2.23 వెర్షను నుంచి ఆ ఫైలును చూపించి ఆ కమిట్‌ను పక్కన పెట్టించవచ్చు కాబట్టి, ఆ వరుసను నిజంగా ఎవరు రాశారో తర్వాత కూడా తెలుస్తుంది.