డెబ్భై నాలుగు కిలోల బంగారం

అమ్మ మొక్కుకున్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2023 వానాకాలంలో నాకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతుంటే, ఆమె హాస్పిటల్ మెట్ల మీద కూర్చొని సమ్మక్కకు నా నిలువెత్తు బంగారం మొక్కేసింది. అప్పుడు నా బరువు 61 కిలోలు. మేడారం జాతర వచ్చేనాటికి 74. మొక్కుకున్న నాటి బరువే లెక్క కదా అని బేరం పెట్టాను. "తల్లి దగ్గర తూకం కొడతవారా?" అంది. ఇంక మాట్లాడలేదు.

హన్మకొండలో బెల్లం దుకాణం ముందు పెద్ద కాంటా కట్టారు. ఒక పక్క నేను బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను, ఇంకో పక్క బెల్లం దిమ్మలు పేరుస్తున్నారు. అక్కడ ఎవరి నోటా బెల్లం అనే మాట రాదు. "ఇంకో రెండు కిలోల బంగారం వెయ్" అంటాడు దుకాణదారు, అదే గొంతుతో "ఆధార్ జిరాక్స్ ఇయ్యుండ్రి" అంటాడు. బెల్లం గుడుంబా బట్టీలకు పోతుందని ఆ లెక్క రాసుకుంటారట. నేను సైన్స్ ఫిక్షన్ కథలు రాసేవాణ్ణి. కాగితం మీద ఎన్నో లోకాలు కట్టాను. దేవతకు బంగారం ఇవ్వాలంటే ఆధార్ చూపించాలన్న సంగతి మాత్రం నా బుర్రకు ఏనాడూ తట్టలేదు.

ఆ బంగారంలో ఐదు కిలోలు మేడారానికి, మిగతాది ఇంటి దగ్గర పంచడానికి. నా సంచిలో ఒక నోటుబుక్కు కూడా ఉంది. అందులో ఏడాదిగా తెగని కథ. నేల మీద నీళ్లు ఇంకిపోయాక భూపాలపల్లి బొగ్గు బాయిల అడుగున బతికే జనం, వాళ్లకు ఒక అమ్మవారు. ఆ అమ్మవారి రూపం, వెలుగు, ఆ వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో, అన్నీ కలిపి నాలుగు పేజీలు రాశాను. నా కథలన్నీ ముందుగా చదివే మిత్రుడు "అమ్మవారిని బాగానే చూపించినవ్ గానీ దండం పెట్టబుద్ధి కాలేదు" అన్నాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకొని ఉంది.

ఫిబ్రవరి 22, గురువారం చీకటితోనే బయలుదేరాం. ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టాం. ఆమెకు చెప్పకుండా ముందుకు పోయే బండి ఉండదు. జంగాలపల్లి దాటేసరికి బండ్లు బారులు తీరాయి. పక్కకు తిరిగితే రామప్ప గుడి, కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించింది. మేం నేరుగా పోతున్నది ఆ కాకతీయుల సైన్యంతోనే కొట్లాడిన తల్లీబిడ్డలు సమ్మక్క, సారలమ్మల దగ్గరికి. వరంగల్‌లో ప్రతి బోర్డు మీదా కాకతీయ తోరణం వేసుకునే మనమే, రెండేళ్లకోసారి వాళ్లు కప్పం కోసం మీదపడ్డ కథ చెప్పుకొని ఏడుస్తాం. కారులో ఉన్న నలుగురిలో ఎవరికీ ఇందులో తిరకాసు కనపడలేదు. నేను రాస్తే దానికో సంజాయిషీ పేరా పెట్టేవాణ్ణి.

పస్రా దగ్గర రెండు గంటలు జామ్. అమ్మ నా మేనకోడలికి కథ మొదలుపెట్టింది. అడవిలో పులుల నడుమ దొరికిన పసిపాప. కరువు, కట్టలేని కప్పం, యుద్ధం. సంపెంగ వాగులో దూకిన కొడుకు జంపన్న, ఎర్రబడ్డ నీళ్లు. గాయాలతో చిలకలగుట్ట దిక్కు నడిచిపోయిన సమ్మక్క. "వెతుక్కుంట పోతే తల్లి లేదు, కుంకుమ భరిణె ఉన్నది" అని, అదే ఊపిరిలో "ఆ వాటర్ బాటిల్ ఇటియ్" అంది. పులులు పాపను ఎందుకు ముట్టలేదు, మనిషి ఎట్లా మాయమైంది, ఒక్క వివరణ లేదు. పిల్ల కూడా అడగలేదు. అడిగింది ఒక్కటే: "భరిణె ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

ఇప్పుడు జంపన్న వాగు అంటున్న ఆ సంపెంగ వాగులోనే స్నానం, దుమ్ము, తప్పిపోయినవాళ్ల పేర్లు చదివే మైకులు. అవన్నీ జాతరకు పోయినవాళ్లకు తెలిసినవే. సాయంత్రానికి చిలకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దెలకు తెచ్చే దారి పక్కన చోటు దొరికింది. గుట్ట మీద కోయ పూజారులు చేసే పూజ బయటివాళ్లెవరూ చూడరు. కిందికి దిగగానే పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చారు. ఒక్కసారి జనం ఊగింది. నేను మునివేళ్ల మీద నిలబడి ఫోన్ పైకెత్తాను. తాళ్లు పట్టుకున్న పోలీసులు, పరుగులాంటి నడకతో పూజారులు, నడుమ ఎర్రగా ఏదో. అంతే.

అమ్మ నా భుజం కిందికి వస్తుంది. చీర కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది.

"నాకేం కనపడలేదురా. నువ్వు పొడుగున్నవ్ కద, చెప్పు."

చెప్పడానికి నా దగ్గర సమ్మక్క లేదు. కనపడింది చెప్పాను. గాలి తగిలిన వరిచేనులా తలలన్నీ ఒకే దిక్కుకు వంగుతున్నాయన్నాను. జనం తల్లికి ఎగరేసిన ఎదురుకోళ్లు పైకి లేస్తున్నాయన్నాను. భుజం మీద పిల్లను మోస్తున్న ఒకాయన ఆ పిల్ల చెప్పులు గబగబా విప్పి జేబులో పెట్టుకున్నాడన్నాను. అమ్మ "ఆఁ... ఆఁ..." అంటూ దండం పెడుతూనే ఉంది. నా కథలు ఎవరూ అట్లా వినలేదు.

మర్నాడు గద్దెల దగ్గర ఒక వలంటీరు బైకు హెల్మెట్ పెట్టుకొని నిలబడ్డాడు. దూరం నుంచి విసిరే బంగారం తలకు తగలకుండా. విగ్రహం లేదు. పసుపు, కుంకుమ, వెదురు, గుట్టలుగా బెల్లం. నేనూ విసిరాను. నమ్మకం ఉందా అంటే, పెన్ను పట్టుకున్నప్పుడు లేదనే అంటాను. కాంటా మీద కూర్చున్నప్పుడు మాత్రం కాలు నేలకు ఆనకుండా ముడుచుకున్నాను. తూకం తప్పుతుందని భయం. ఎవరికి భయపడ్డానో తెలియదు.

తిరుగు ప్రయాణంలో జామ్ ఇంకా పెద్దది. నోటుబుక్కు తీసి ఆ నాలుగు పేజీలూ కొట్టేశాను. వాటి చోట ఒకటే రాశాను. బాయి లోపల అమ్మవారు వచ్చే వేళకు జనం ఒకరి తర్వాత ఒకరు తమ టోపీ దీపాలు ఆర్పేసుకుంటారు. ఆమె ఎట్లా ఉంటుందో నాకూ తెలియకుండా ఉంచాను.

ఇంటికి వచ్చాక అమ్మ వాడకట్టంతా బంగారం పంచింది. పక్కింటి ఆమెకు తలలు వరిచేనులా వంగిన సంగతి చెబుతోంది. నేను చెప్పని ముచ్చట ఒకటి కలిపింది: తల్లి వస్తుంటే పొయ్యిల మీద ఉడుకుతున్న అన్నం కూడా చప్పుడు ఆపిందట.

"నువ్వు చూసినవా వదినా?"

"మావాడు చూసిండు" అంది అమ్మ, ఆమె చేతిలో ఇంకో ముక్క పెడుతూ.